దిగుడు బావి ఆట: ఏడో తరగతి లెక్కల ప్రాజెక్టు డైరీ

తాడిపత్రి వైపు ఒక పల్లె హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. పూర్ణ సంఖ్యల (ధన, రుణ సంఖ్యల) కూడికలు, తీసివేతలు ఆటతో నేర్పడానికి జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా ఏడో తరగతిలో చేసిన పని ఇది. తరగతిలో 34 మంది. ఆట మాత్రమే కావాలనుకునేవాళ్ళు దశ 5లో ఉన్న నియమాలు తీసుకుంటే చాలు. మిగతాదంతా ఎక్కడెక్కడ దెబ్బతిన్నాను, ఎంత డబ్బు, ఎంత టైము పోయింది అన్నదే. నేను మాట్లాడిన ఇద్దరు ముగ్గురు టీచర్లు కూడా మొదటి రెండు తప్పులూ అచ్చం నాలాగే చేసి, "ఆటలు పెడితే గోల తప్ప ఏమీ రాదు" అని చార్టులు బీరువా మీద పడేసినవాళ్ళే. అందుకే తప్పులు పూర్తిగా రాస్తున్నాను.

మొదటి కొలత

పాఠం పూర్ణ సంఖ్యలు. కూడికలు, తీసివేతలు మాత్రమే. 10 లెక్కల చీటీ పరీక్ష పెట్టాను.

రాసినవాళ్ళు: 31
మొత్తం మార్కులు: 310కి 118 (సగటు 3.8)
ఏడో లెక్క, −3 − (−5): సరిగ్గా చేసినవాళ్ళు 4, −8 అని రాసినవాళ్ళు 16, ఖాళీగా వదిలేసినవాళ్ళు 7, ఇంకేదో రాసినవాళ్ళు 4

నన్ను కుదిపింది ఆ 7 ఖాళీలు. తప్పు చేసినవాడితో మాట్లాడొచ్చు, పెన్ను మూత కూడా తియ్యనివాడితో ఏం మాట్లాడతాం? ఒక పీరియడ్లో తమంతట తాము నోరు విప్పినవాళ్ళను లెక్కపెట్టాను. 6 మంది. మర్నాడు లెక్కపెట్టినా అదే 6 మంది.

దశ 1: వైకుంఠపాళి (మొదటి వారం)

బజార్లో వైకుంఠపాళి చార్టులు 4 కొన్నాను. ప్రతి ఐదో గడి మీద ఒక లెక్క రాసి అంటించాను. నియమం ఒక్కటే: లెక్క సరిగ్గా చెబితేనే పాచిక వెయ్యాలి. నాలుగు గుంపులు, గుంపుకు ఏడెనిమిది మంది.

ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకొని ఒక గుంపు పక్కన కూర్చున్నాను.

1. చార్టులు పరిచి గుంపులు సర్దుకునేసరికి 8 నిమిషాలు.
2. ఒక్కో పిల్లవాడి వంతుకు సుమారు 40 సెకన్లు.
3. ఎనిమిది మంది తిరిగి మొదటివాడి దగ్గరికి వచ్చేసరికి 5 నిమిషాల 20 సెకన్లు.
4. 40 నిమిషాల పీరియడ్లో ఒక్కొక్కరికి దక్కిన వంతులు: 6.

అంటే పిల్లవాడు చేసిన లెక్కలు మహా అయితే ఆరు. మామూలు పీరియడ్లో బోర్డు మీద రాసి చేయిస్తే పది పన్నెండు చేస్తారు. గోల చూసి తరగతి చురుగ్గా ఉందనుకున్నాను గానీ, ఏ క్షణాన చూసినా గుంపులో ఏడుగురు ఊరికే కూర్చునే ఉన్నారు.

దానికన్నా పెద్ద లోపం రెండో రోజుకు తెలిసింది. పాచిక వెయ్యడానికి లెక్క అడ్డం. టోల్‌గేటు దగ్గర డబ్బులు కట్టి ముందుకు పోయినట్టు, పక్కవాణ్ణి అడిగి జవాబు చెప్పేసి పాచిక లాక్కుంటున్నారు. వాళ్ళకు కావలసింది నిచ్చెన. నిచ్చెనకూ లెక్కకూ ఏ సంబంధమూ లేదు. పాము మింగినా, నిచ్చెన ఎక్కినా అంతా పాచిక దయ, పిల్లవాడి బుర్రతో పని లేదు.

ఖర్చు: చార్టులు 120, తెల్ల కాగితం, జిగురు 40. మొత్తం 160 రూపాయలు. టైము 3 గంటలు.

దశ 2: స్టార్ల పట్టిక (రెండో వారం, మూడో వారం సగం)

ఆట వదిలేసి పోటీ పెట్టాను. గోడ మీద 34 పేర్లతో చార్టు, సరైన జవాబుకు ఒక మెరిసే స్టార్ స్టిక్కర్. ఎనిమిది రోజులు నడిచింది.

పంచిన స్టార్లు: 112
అందులో మొదటి ఐదుగురికి దక్కినవి: 63
ఒక్కటీ రానివాళ్ళు: 9 మంది
చెయ్యెత్తినవాళ్ళు: మొదటి రోజు 23, ఎనిమిదో రోజు 11

మొదటి రోజు 23 చేతులు చూసి ఇంటికి సంతోషంగా పోయిన మాట నిజం. నాలుగో రోజుకు చార్టు చూస్తే ఎవరెక్కడున్నారో పిల్లలకే తెలిసిపోయింది. పైన ఐదు పేర్ల పక్కన జాతర, కింద తొమ్మిది పేర్ల పక్కన ఖాళీ గోడ. ఆ తొమ్మిదిమందీ చార్టుకు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టారు. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. మూడో బెంచీ నుంచి ఇద్దరు నిజంగానే చోటు మార్చుకున్నారు.

తొమ్మిదో రోజు స్టిక్కర్లు అయిపోయాయి. బోర్డు మీద లెక్క రాశాను. ఎప్పుడూ ముందుండే అమ్మాయి అడిగింది: "మేడం, ఈ పొద్దు స్టార్లు లేవా? అయితే రేపు చెప్తాలే."

బీఎడ్‌లో చదివి పరీక్ష తర్వాత మరిచిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు అమెరికాలో నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. స్కెచ్ పెన్నులతో బొమ్మలు వెయ్యడం ఇష్టమున్న పిల్లలనే ఎంచుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు బొమ్మల దగ్గర గడిపిన టైము మిగతావాళ్ళలో సగమే. చెప్పకుండా ఇచ్చినవాళ్ళలో ఆ తగ్గుదల లేదు. మా అమ్మాయికి లెక్కలు ముందు నుంచీ ఇష్టమే. ఆ ఇష్టానికి నేనే రేటు కట్టాను, పది రూపాయలకు ఒక షీటు లెక్కన.

చార్టు చింపేశాను. ఎవరూ అడగలేదు.

ఖర్చు: 40. ఇప్పటిదాకా 200 రూపాయలు, 4 గంటలు.

ఇక్కడ నాకు నేను రెండు షరతులు రాసుకున్నాను. ఒకటి, ఆటలో ఎత్తు వెయ్యడమే లెక్క చెయ్యడం కావాలి. రెండు, ఒక ఆట పలకకు ఇద్దరే.

దశ 3: పలక తయారీ (మూడో వారం)

పూర్ణ సంఖ్యలకు నిలువు గీత నయం. పైన ధనం, కింద రుణం. మా ఊళ్ళో పాత దిగుడు బావి ఉంది కాబట్టి దాన్నే పలక చేశాను: ఒడ్డు 0, కిందికి మెట్లు రుణ సంఖ్యలు, పైకి మిద్దె మెట్లు ధన సంఖ్యలు.

మొదటి ప్రయత్నం బండ. మావైపు బండలకు కొదవ లేదు. పాలిష్ చేసే చోట అంచు విరిగిన 2 అడుగుల బండలు ఊరికే ఇచ్చారు. ఆటోకు 150 అయ్యింది. మధ్యాహ్న భోజనం బియ్యం తూచే కాటా మీద పెడితే ఒక్కొక్కటి 24 కిలోల పైమాటే. ఇద్దరు పిల్లలు ఎత్తితే కాలి మీద పడేదే. ఎనామిల్ పెయింటుతో గీసిన గీతలు పాలిష్ మీద నిలవక నాలుగో రోజుకు పెచ్చులుగా లేచాయి. రెండు బండలతో ఆపేశాను. ఇప్పుడవి కుళాయి కింద ఉన్నాయి, చెంబులు పెట్టుకోవడానికి బాగున్నాయి.

రెండో ప్రయత్నం పాత ఫ్లెక్సీ. ఊళ్ళో పుట్టినరోజు ఫ్లెక్సీలకు లోటు లేదు, వెనక వైపు తెల్లగానే ఉంటుంది. అడుగు వెడల్పు, 4 అడుగుల పొడవు పట్టీలు 17 కత్తిరించాము. పర్మనెంట్ మార్కర్లు 4, నూరు రూపాయలు.

ఇక్కడ చేసిన తప్పు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. +20 నుంచి −20 దాకా గళ్ళు గీద్దామనుకున్నాను. ఇరవై, ఇరవై, నలభై. గడికి 3 సెం.మీ., మొత్తం 120. నాలుగు అడుగులంటే దాదాపు 122, చక్కగా సరిపోయింది. ఎనిమిది పట్టీలు గీసేశాను. తొమ్మిదోది గీస్తుంటే పక్కన స్కేలు పట్టుకున్న పిల్లవాడు అన్నాడు: "మేడం, ఒడ్డు ఏది? 1 కింద −1 ఉంది."

సున్నాకు గడి లేదు. లెక్కల టీచర్నై ఉండి 41 గళ్ళు కావలసిన చోట 40 గీశాను. 41 గళ్ళంటే 123 సెం.మీ., పట్టీ చాలదు. గడి చిన్నది చేస్తే పావు పట్టదు. చివరికి +15 నుంచి −15 దాకా, 31 గళ్ళు, గడికి 3.5 సెం.మీ., మొత్తం 108.5గా మార్చాను. గీసిన ఎనిమిదింటినీ పారేయాల్సిన పని లేకపోయింది. స్టోరు రూములో కోవిడ్ నాటి శానిటైజర్ సీసాలు 6 మిగిలి ఉన్నాయి. గుడ్డ తడిపి రుద్దితే పర్మనెంట్ మార్కర్ పోయింది, లేత నీలం మరక మాత్రం నిలిచింది.

పట్టీలు దాచేటప్పుడు గీసిన వైపు బయటికి వచ్చేలా చుట్టాలి. లోపలికి చుడితే పరిచినప్పుడు అంచులు పైకి లేచి పావులు దొర్లుతాయి. రెండు రోజులు నలుమూలలా చెప్పులు పెట్టుకొని ఆడాక గానీ ఇది తట్టలేదు.

ఖర్చు: ఆటో 150, పెయింటు, బ్రష్ 110, మార్కర్లు 100. ఇప్పటిదాకా 560 రూపాయలు. టైము చెరిపి గీసినదానితో కలిపి 13 గంటలు, ఇప్పటిదాకా 17.

దశ 4: పావులు, గింజలు (నాలుగో వారం)

పావులుగా శెనక్కాయలు పెట్టాను. జూలై, విత్తనాల కాలం, ప్రతి పిల్లవాడి జేబులో ఒలిచిన గింజలున్నాయి. మొదటి పీరియడ్లో 34 కాయలిస్తే బెల్లు కొట్టేసరికి 19 మిగిలాయి. ఓడిపోతున్నవాళ్ళు ముందు తింటున్నారని గమనించాను. పావు లేకపోతే ఓటమి లేదు కదా! మర్నాటి నుంచి నీళ్ళ సీసాల ప్లాస్టిక్ మూతలు, ఒకరికి నీలం, ఒకరికి తెలుపు.

ప్లాస్టిక్ పాచికలు నేల బండల మీద ఎగిరి బెంచీల కింద పడుతుంటే, వెతకడానికే టైము పోతోంది. అష్టాచెమ్మాకు ఒక వైపు తెలుపు వచ్చేలా అరగదీసే చింతగింజలు వాడదామనుకున్నాను. నాలుగు గింజలు; ఎన్ని తెల్లగా పడితే అంత, అన్నీ నల్లగా పడితే 8. పిల్లలే వరండా బండ మీద రుద్ది 68 గింజలు తయారుచేశారు.

రెండు రోజులకే ఎవరి మూత చూసినా పట్టీ అంచుల్లోనే ఉంది. అష్టలు మరీ ఎక్కువ పడుతున్నాయని అనుమానం వచ్చింది. నాలుగు గింజలు పడే విధాలు 16. తెలుపు, నలుపు సమానంగా పడితే అందులో 1 నాలుగు విధాలు, 2 ఆరు, 3 నాలుగు, 4 ఒకటి, 8 ఒకటి. అంటే నూరు పందేలకు అష్ట ఆరేడు సార్లు పడాలి. ఒక జత గింజలు నూరుసార్లు వేయించి బోర్డు మీద గీతలు పెట్టించాను.

1 పడినవి: 35
2 పడినవి: 34
3 పడినవి: 15
4 పడినవి: 3
8 పడినవి: 13

400 గింజల్లో తెల్లగా పడ్డవి 160. సగానికి బాగా తక్కువ. కారణం నాకు తోచలేదు, అది వేరే దారిలో వచ్చింది.

ఆ వారమే ఒక పిల్లవాడి తండ్రి వరండాలో నిలబడి గట్టిగానే అడిగాడు: "ఏంది మేడం, బడికి పంపిస్తే పిల్లోళ్ళతో గింజలాట ఆడిపిస్తాండారంట?" ఆయన కోపంలో న్యాయం ఉంది. మా ఊరి రచ్చకట్ట మీద గింజలు పడ్డాయంటే పక్కన నోట్లు కూడా పడతాయి. లోపలికి పిలిచి కొడుకు పక్కన కూర్చోబెట్టాను. పావుగంట చూశాడు, ఏమీ అనలేదు. మర్నాడు వాళ్ళమ్మను పంపించాడు, ఆయనకు బదులు చూసి రమ్మని కాబోలు.

ఆ అవ్వ నాలుగు గింజలు అరచేతిలోకి తీసుకొని బొటనవేలితో తడిమి నవ్వింది. "ఎవురమ్మా అరగదీసింది? ఇంత సదును జేస్తే బోర్లా పడక ఏం జేస్తాయి? తెలుపు కనపడితే సాలు."

అంతే. చదునైన వైపు నేలకు పట్టుకుంటోంది, నలుపు పైకి వస్తోంది. కొత్త గింజలు తెలుపు కనిపించేదాకా మాత్రమే రుద్దించాను. మళ్ళీ నూరు పందేలు: 24, 36, 27, 7, 6. తెల్లగా పడ్డవి 205. ఆ రెండు వరసలూ బోర్డు మీద వారం రోజులు చెరపకుండా ఉంచాను. తర్వాత దత్తాంశ నిర్వహణ పాఠానికి అవే పనికొచ్చాయి.

ఖర్చు లేదు. 560 రూపాయలు, 19 గంటలు.

దశ 5: నియమాలు (ఐదో వారం)

కార్డులు నాలుగు రకాలు: ధనం కలుపు, రుణం కలుపు, ధనం తీసెయ్యి, రుణం తీసెయ్యి. పాత పెళ్ళి కార్డుల వెనక రాశాం. పట్టీకి 8, మొత్తం 136. పెళ్ళి కార్డు అట్ట మందంగా ఉంటుంది, వెలుగులో అవతలి రాత కనిపించదు. నోటుపుస్తకం కాగితంతో చేస్తే పిల్లలు ఎండకు పెట్టి చూసేస్తారు.

మొదటి నియమాలు ఇలా పెట్టాను: కార్డు చూడకుండా తియ్యి, గింజలు వెయ్యి, మూత జరుపు. −10 దాకా దిగి బిందె నింపుకొని మళ్ళీ ఒడ్డుకు రావాలి. చేరే మెట్టు తప్పు చెబితే వంతు పోతుంది.

30 నిమిషాల్లో 15 జతల్లో రెండే జతలు ఆట ముగించాయి. మిగతావి ఒడ్డు దగ్గరే పైకీ కిందికీ ఊగుతున్నాయి. కార్డు ఎటు తిప్పితే అటు పోవడమే గాని పిల్లవాడు తేల్చుకునేది ఏమీ లేదు. మళ్ళీ వైకుంఠపాళే కదా ఇది! వంతు పోయే నియమం ఇంకా ఘోరం. ఒక అమ్మాయి వరసగా 11 వంతులు ఒకే మెట్టు మీద నిలబడిపోయింది. లెక్క రానివాళ్ళకే ఆట తక్కువ దక్కుతోంది.

రెండు మార్పులు చేశాను. చేతిలో రెండు కార్డులుంచుకొని, గింజలు పడ్డాక ఒకటి ఎంచుకోవాలి. తప్పు చెప్పినా మూత జరుగుతుంది, ఆ తప్పు పట్టుకున్నవాళ్ళకు చిన్న లాభం. ఇప్పుడు ఆడుతున్న నియమాలు ఇవి:

1. ఇద్దరు, ఒక పట్టీ. ఇద్దరి మూతలూ 0 మీద, తిరగేసి.
2. 8 కార్డులు కలిపి చెరి రెండు. మిగతా 4 బోర్లా.
3. ముందు గింజలు. 4కు, 8కి అదనపు పందెం లేదు.
4. కార్డు ఎంచుకొని, చేరబోయే మెట్టు నోటితో చెప్పాలి. మాట ముందు, మూత తర్వాత.
5. ఎదుటివాళ్ళు వేలితో మెట్లు లెక్కపెట్టి చూస్తారు. తప్పయితే మూత సరైన మెట్టుకే పోతుంది; పట్టుకున్నవాళ్ళు తమ కార్డు ఒకటి మార్చుకోవచ్చు.
6. ఆడిన కార్డు అడుగుకు, పైనుంచి కొత్తది.
7. −10కి గాని ఇంకా కిందికి గాని చేరితే మూతలో ఒక చిన్న రాయి వేసుకోవాలి. బిందె నిండినట్టు. మళ్ళీ 0కి గాని పైకి గాని వస్తే ఒక బిందె ఇంటికి చేరింది.
8. 15 పైకి, −15 కిందికి పట్టీ దాటే పందెం వృథా.

ఎవరు ఎన్ని బిందెలు తెచ్చారో ఎక్కడా రాయలేదు, రాయనివ్వలేదు. మొదటి రెండు రోజులు "మేడం, చార్టు పెట్టండి" అన్నారు. తర్వాత అడగలేదు.

కొలత: ఒక బిందెకు 14 నుంచి 18 వంతులు. 30 నిమిషాల్లో ఒక్కొక్కరికి 22 వంతులు, దశ 1లో 6. పైగా ఎదుటివాడి 22 కూడా సరిచూస్తున్నారు.

గోలకు పక్క తరగతి తెలుగు సార్ రెండుసార్లు వచ్చి తలుపు వేసి పోయారు. వరండాకు మారాం. మిగతా ఫిర్యాదులేమీ లేవు.

560 రూపాయలు, 23 గంటలు.

దశ 6: రుణం తీసెయ్యడం (ఆరో వారం)

మూడు కార్డులు రెండు రోజుల్లో పట్టుబడ్డాయి. నాలుగోది, "రుణం తీసెయ్యి", ఎవరూ ఆడటం లేదు. చేతిలో మురిగిపోతోంది. పైకి పోవలసిన అవసరం ఉన్నా, ఆ కార్డు చేతిలోనే ఉన్నా, వృథా పందెం వేసుకుంటున్నారు.

పుస్తకాల్లో చెప్పే అప్పు ఉదాహరణ చెప్పాను. ధనం, రుణం అన్న మాటలతోనే 628లో బ్రహ్మగుప్తుడు ఈ నియమాలు రాశాడు, సున్నాలోంచి రుణం తీసేస్తే ధనం అన్నాడు. అప్పు తీసేస్తే నీ ఆస్తి పెరిగినట్టే కదా అన్నాను. ఒక పిల్లవాడు వెంటనే: "అప్పు తీర్చాలంటే మన దుడ్లు పోతాయి గదా మేడం, పెరిగేదేంది?" వాడింట్లో చూసింది అదే. రుణమాఫీ గుర్తుచేస్తే వెనక బెంచీలో ఇద్దరు నవ్వారు గాని కార్డు మాత్రం కదల్లేదు.

శుక్రవారం కిటికీ పక్క జతలో జరిగింది ఇది. ఒకడి మూత −4 మీద ఉంది, బిందె నిండి ఉంది. గింజలు నాలుగూ నల్లగా పడ్డాయి, అష్ట. చేతిలో "రుణం కలుపు", "రుణం తీసెయ్యి". ఎదుటివాడు అప్పుడే నవ్వుతున్నాడు, రెండూ రుణాలే కదా, కిందికే పోతాడని. వీడు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి, ఒకదాని మీద వేలు, మళ్ళీ ఇంకోదాని మీద వేలు, పెదాలు కదుపుతూ చాలాసేపు కూర్చున్నాడు. నేను దగ్గరికి పోబోయి ఆగాను. చివరికి "తీసెయ్యి" కార్డు బండ మీద కొట్టి అన్నాడు: "నాలుగు. మీదికి."

"రెండు మైనస్‌లు రా! ఇంకా కిందికి పోవాల."

"రేయ్, ఎనిమిది రాళ్ళు నడుముకు కట్టుకోని బాయిలో దిగినావనుకో. ఆ రాళ్ళు ఇప్పేస్తే యాటికి పోతావ్?"

ఎదుటివాడు మాట్లాడలేదు. వేలితో −4 నుంచి ఎనిమిది మెట్లు పైకి లెక్కపెట్టి, మూత తనే తీసి 4 మీద పెట్టాడు.

ఆ రోజు సాయంత్రం 136 కార్డుల మీదా మాటలు మార్చాను. మా పిల్లలు ఈత నేర్చేది బావుల్లోనే, నడుముకు నీళ్ళలో తేలే బెండ్లు కట్టుకొని. కాబట్టి: బెండు కట్టు, బెండు విప్పు, రాయి కట్టు, రాయి విప్పు. పక్కన చిన్నగా + (+), − (+), + (−), − (−). అప్పును ఆటలోంచి పూర్తిగా తీసేశాను.

కార్డులు మార్చడానికి 2 గంటలు. 25.

దశ 7: నోటికి వచ్చింది, రాతకు రాలేదు (ఏడో వారం)

ఈ దశ వదిలేస్తే ఆట వృథా అయ్యేది.

29 మందిని ఒక్కొక్కరిగా పట్టీ దగ్గరికి పిలిచి −3 మీద మూత పెట్టి "ఐదు రాళ్ళు విప్పు" అన్నాను. 22 మంది 2 అన్నారు. అదే రోజు మధ్యాహ్నం కాగితం మీద −3 − (−5) ఇచ్చాను. 2 రాసింది 11 మంది. మిగతా 11 మందికి ఆ రెండూ ఒకటేనని తెలియదు. వాళ్ళకు బావి వేరు, నోటుపుస్తకం వేరు.

ముందు ప్రతి వంతూ రాసి ఆడమన్నాను. 22 వంతులు 13కి పడిపోయాయి, ముఖాలు వాడిపోయాయి. రెండో రోజే మానేశాను. ఇప్పుడు చేస్తున్నది:

1. 25 నిమిషాలు రాత లేకుండా ఆట.
2. చివరి 10 నిమిషాలు "రాతాట": ఒకరు ఆడతారు, ఎదుటివాళ్ళు ఆ ఎత్తును లెక్కగా రాస్తారు. ఐదు ఎత్తులు, తర్వాత మార్పు.
3. రాసినవాళ్ళ పుస్తకం చూసి మూడో మనిషి అదే ఎత్తును పట్టీ మీద మళ్ళీ ఆడాలి. ఆడలేకపోతే రాత తప్పు.

మూడోది నాది కాదు. ఒక రోజు ఒక పిల్లవాడి జోడీ బడికి రాలేదు, ఊరికే ఉండలేక పక్కవాళ్ళ పుస్తకం తీసుకొని వాళ్ళ ఆట మళ్ళీ ఆడుకుంటున్నాడు. చూసి నియమం చేశాను.

రెండో కొలత (ఆగస్టు)

అదే నమూనా చీటీ పరీక్ష, అంకెలు మార్చి. రుణం తీసేసే లెక్క మళ్ళీ ఏడోదే.

రాసినవాళ్ళు: 30
మొత్తం: 300కి 201 (సగటు 6.7)
ఏడో లెక్క సరైనవి: 21, ఖాళీ: 1

పోల్చడానికి నాకు రెండో సెక్షన్ లేదు. ఆట లేకుండా ఇన్ని వారాలు చెప్పినా సగటు కొంత పెరిగేదే, కాబట్టి పెరిగిన 2.9 అంతా ఆట ఖాతాలో వెయ్యను. ఐదుగురు ఇంకా 4 లోపే ఉన్నారు. అందులో ముగ్గురు విత్తనాల పనులకు పోయి సగం రోజులు రాలేదు, వాళ్ళ విషయంలో ఏ ఆటా ఏమీ చెయ్యదు. మిగతా ఇద్దరు రోజూ వచ్చారు, రోజూ ఆడారు. వాళ్ళకు ఎందుకు రాలేదో వచ్చే వారం విడిగా కూర్చుని చూడాలి. ఖాళీలు తగ్గడం మాత్రం ఆట వల్లేనని నమ్ముతున్నాను.

గుణకారానికి ఈ పట్టీ పనికిరాదు. ప్రయత్నించాను, మూడుసార్లు రెండు రాళ్ళు కట్టడం దాకా బాగుంది, "మైనస్ మూడుసార్లు" అనేసరికి పిల్లలకన్నా ముందు నేనే మునిగాను.

మొత్తం ఖర్చు: 560 రూపాయలు. ఇప్పుడు ఆడుతున్న ఆటలో మిగిలింది అందులో 100 రూపాయల మార్కర్లే. టైము 26 గంటలు. ఇప్పుడు కొత్తగా చేసేవాళ్ళకు నా లెక్కన 8 గంటలు చాలు.

ఆగస్టు చివర

మధ్యాహ్నం భోజనం బెల్లు తర్వాత వరండా చివర నలుగురు సుద్దముక్కతో కొత్త బావి గీస్తున్నారు. పట్టీలు బీరువాలో ఉన్నాయి కదా, తాళం ఇస్తానన్నాను.

"వద్దు మేడం. దాంట్లో పది మెట్లకే నీళ్ళు. మా బోరు ఆరు నూర్ల అడుగులు."

గడికి 20 అడుగులట. 600 దాకా 30 గళ్ళు చాలని ఒకడు బండల మీద మూర వేసి కొలుస్తున్నాడు. ఫ్లెక్సీ గీసిన రోజు స్కేలు పట్టుకున్న పిల్లవాడు చేతిలో పళ్ళెం అలాగే పట్టుకొని వచ్చి నిలబడ్డాడు.

"31 రా. ఒడ్డు మర్సిపోయినావ్."